నడిగడ్డ యుద్ధములు: నెపము, కారణము

"రాయచూరు యుద్ధమునకు గల కారణములను వివరింపుము." ఈ ప్రశ్నకు జవాబు వ్రాయని విద్యార్థి మన ప్రాంతమున అరుదు, ఆ జవాబును దిద్దని చరిత్రోపాధ్యాయుడు అంతకన్న అరుదు. జవాబు సాధారణముగా నాలుగైదు అంకెలు వేసి యుండును. గుఱ్ఱములను కొనుటకై శ్రీకృష్ణదేవరాయలు 40,000 వరహాలిచ్చి గోవాకు పంపిన సయ్యదు మరైకారు అను వర్తకుడు ఆ సొమ్ముతో ఆదిలుషా రాజ్యములోనికి పారిపోయెను, రాయలు అతనిని అప్పగింపుమనెను, ఆదిలుషా అప్పగింపలేదు, రాయలు దండెత్తెను. ఇంత వ్రాసిన మార్కులు పడును. కాని ఆ పత్రమును ప్రక్కన పెట్టి ఒక్క క్షణము ఆలోచించినచో సందేహము కలుగక మానదు. ఒక వర్తకుడు సొమ్ముతో పారిపోయినంత మాత్రమున వేలకువేల జనము చావవలెనా? అతడు బుద్ధిగా గుఱ్ఱములను కొని తెచ్చియున్నచో 1520లో యుద్ధము జరుగకుండెడిదా?

తెలుగులో నెపము, కారణము అని వేర్వేరు మాటలున్నవి. పొలము గట్టు దగ్గర ఇద్దరు రైతులు కొట్టుకొన్నప్పుడు, వాని ఎద్దు నా చేనిలో పడినదని ఒకడనును. వాడు నన్ను తిట్టినాడని రెండవవాడనును. ఎద్దు నెపము, తిట్టు నెపము. కారణము గట్టు. అది ఎవరిదో ఎన్నో ఏండ్లుగా తేలలేదు. ఊరి ముసలివారందరును ఎరిగిన ఈ భేదమును పాఠ్యపుస్తకములు మరచుట విచిత్రము. దేశముల నడుమ యుద్ధములెందుకు పుట్టుచున్నవి, దేశమునకు భద్రత ఎట్లు కలుగును అని విచారించు శాస్త్రమునకు ఈ భేదమే మొదటి మెట్టు. దానిని నేర్చుటకు లండనునకో న్యూయార్కునకో పోనక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులకు ఆ పాఠము ఇంటి ముంగిటనే పరచి యున్నది.

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు 44వ జాతీయ రహదారి బీచుపల్లి వద్ద కృష్ణను దాటును. కర్నూలు ముంగిట తుంగభద్రను దాటును. రెండు వంతెనల నడుమ ప్రయాణము గంటకు మించదు. రెండు నదుల నడుమనున్న ఈ నేలనే జనులు నడిగడ్డ అందురు. నేటి జోగులాంబ గద్వాల జిల్లా దాని తూర్పు కొస. పడమట అది రాయచూరు, ముద్గల్లు దాటి పోవును; ఆ మొత్తమును చరిత్రకారులు రాయచూరు అంతర్వేది అందురు. కృష్ణకు ఉత్తరపు గట్టున వనపర్తి, ఇంకను తూర్పున కొల్లాపురముతో కూడిన నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరు 11న జిల్లాలైన ఈ మూడును అంతకు ముందు పాలమూరు జిల్లాలోనివే. బస్సులో కూర్చున్న ప్రయాణికుడు ఒక కునుకు తీయునంతలో దాటిపోవు ఈ నేలకై రెండు రాజ్యములు రెండు వందల యేండ్లకు పైగా కొట్టుకొన్నవి.

విజయనగరము 1336లో పుట్టెను; బహమనీ రాజ్యము 1347లో పుట్టెను. ఆ పుట్టుక నుండియు నడిగడ్డ వారికి తేలని గట్టు. నేల సారవంతమైనదనుట నిజమే. శిస్తు వచ్చును, రేవులలో సుంకము వచ్చును. కాని పటము తీసి చూచినచో ఇంకొక సంగతి కనబడును. విజయనగరము తుంగభద్రకు దక్షిణపు గట్టుననే వెలసిన పట్టణము. నడిగడ్డ పరుల చేతిలో నున్నచో శత్రువు రాజధానికి ఎదుటి గట్టున గుడారములు వేయగలడు; వాని భేరీధ్వని అంతఃపురమునకు వినబడును. కావున రాయలకు కృష్ణయే సరిహద్దు కావలెను. గుల్బర్గాలోని సుల్తాను పటమును అటునుండి చూచెను. నడిగడ్డ రాయల చేతిలో నున్నచో కృష్ణ రేవులన్నియు వారివే; ఏ వేసవిలోనైనను నది దాటి రాగలరు. కావున సుల్తానునకు తుంగభద్రయే సరిహద్దు కావలెను. ఇరువురును తమ ఇల్లు కాపాడుకొనుటకే నడిగడ్డను కోరిరి. ఒకడు తన తలుపునకు వేసికొన్న గడియ రెండవవానికి తనపై నెత్తిన కత్తివలె కనబడెను.

జర్మనీనుండి అమెరికాకు వలసపోయిన జాన్ హెర్జ్ అను పండితుడు 1950లో దీనికి ఒక పేరు పెట్టెను. దానిని తెలుగున భద్రతా సంకటము అనవచ్చును. ఒక రాజ్యము భయముతో కోట కట్టును; ఆ కోటను చూచి పొరుగు రాజ్యము భయపడి సైన్యమును పెంచును; ఆ సైన్యమును చూచి మొదటిది ఇంకొక కోట కట్టును. ఇందులో దుర్మార్గుడెవడును ఉండనక్కరలేదు. ఇరువురును మంచివారైనను కథ ఇట్లే నడచును. ఈ మాట విద్యార్థులకు మింగుడు పడుట కష్టము. కథలో ఒక దుష్టుడు లేకున్న వారికి తోచదు. నిజమునకు మనకును తోచదు.

ఇక నెపముల సంగతి. నడిగడ్డ యుద్ధములకు చరిత్రకారులు చెప్పిన నెపములు ఎంత వినోదముగా నుండునో అంత విచారమును కలిగించును. 1366లో గుల్బర్గా సుల్తాను మహమ్మదు షా విందులో కూర్చుండి, ఢిల్లీనుండి వచ్చిన గాయకుల పాట విని మెచ్చెను. బహుమానమును తన ఖజానానుండి ఇప్పింపలేదు. విజయనగరపు ఖజానాపై చీటీ వ్రాసి ఇచ్చెను. బుక్కరాయలు ఆ చీటీ తెచ్చిన దూతను గాడిదపై ఊరేగించి పంపి, నది దాటి ముద్గల్లు కోటను పట్టెను. పిమ్మట జరిగిన సంహారమును చెప్పనలవి కాదు. ఇది ఫెరిష్తా వ్రాసిన కథ. 1406 యుద్ధమునకు అతడే చెప్పిన నెపము ముద్గల్లులోని ఒక కంసాలి కూతురు. ఆమె అందమును విని దేవరాయలు కబురంపెననియు, ఆమె ఒల్లకపోగా సేనను నడిగడ్డ మీదికి నడిపించెననియు, దానికి ప్రతీకారముగా ఫిరోజు షా దండెత్తెననియు కథ. 1520 నెపమును పైననే చూచితిమి. గాయకుల బహుమానము, కంసాలి పిల్ల, గుఱ్ఱముల సొమ్ము. మూడింటికిని పొత్తు లేదు. కాని మూడుసార్లును సేనలు నడిచినది ఒక్క నేల మీదికే. నెపములు మారి నేల మారనప్పుడు కారణమును ఎక్కడ వెదకవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లని నెపమును ఊరక త్రోసివేయరాదు. పరుల ఖజానాపై చీటీ వ్రాయుట త్రాగినవాని వెఱ్ఱిగా కనబడును. దాని అర్థము మాత్రము వెఱ్ఱి కాదు. నీ ఖజానా నాది, నీవు నా సామంతుడవు అని దాని భావము. బుక్కరాయలు చెల్లించియున్నచో ఆ మాటను ఒప్పుకొన్నట్లే. ఫెరిష్తా కథ ముగింపు గమనింపదగినది. ఇరుప్రక్కల అన్ని ప్రాణములు పోయిన పిమ్మట సంధి కుదిరినప్పుడు సుల్తాను అడిగినది గాయకుల చీటీ చెల్లింపుమనియే. విజయనగరపు రాయబారులు అప్పటికప్పుడు చెల్లించిరి. ఆ రాయబారులే మరియొక కోరికను కూడ కోరిరట: ఇకమీదట ఆయుధము పట్టనివారిని చంపరాదని. సుల్తాను ప్రమాణము చేసెను. యుద్ధములో సామాన్య జనుల ప్రాణములకు రక్షణ కల్పించు జెనీవా ఒడంబడిక 1949లో వచ్చినది. దానికి దాదాపు ఆరు వందల యేండ్లకు ముందే అట్టి మాట మన నదుల నడుమ పలుకబడెను. పలుకబడినంత సులభముగా నిలువలేదు.

ఆ మాట ఎట్లు చెడినదో తెలియుటకు పానగల్లునకు రావలెను. 1406 యుద్ధము 1407లో పెండ్లితో ముగిసెను. దేవరాయలు తన కూతురును ఫిరోజు షాకు ఇచ్చి, బంకాపురమును కట్నముగా నిచ్చెను. సుల్తాను విజయనగర వీథులలో అల్లుడై ఊరేగెను. మరలిపోవునప్పుడు మామ తనను శిబిరము వఱకు సాగనంపక నడుమనే వెనుదిరిగెనని అల్లునికి కోపము వచ్చెను. పెండ్లివారి అలకలు మనకు కొత్త కావు. కాని ఈ అలక పదేండ్లు నిలిచెను. 1417 ప్రాంతమున ఫిరోజు షా పానగల్లు కోటను ముట్టడించెను. ఈ పానగల్లు వనపర్తి జిల్లాలోని కొండకోటయని కొందరును, నల్లగొండ ప్రక్కనున్న పానగల్లని కొందరును చరిత్రకారులు వాదించుచున్నారు. ఉపాధ్యాయునకు ఇట్టి వాదము విసుగు కాదు, వరము. కోట ఎక్కడనున్నదో తేలనిదే యుద్ధము ఎందుకు జరిగినదో తేలదు. వనపర్తి పానగల్లైనచో అది కృష్ణ రేవులకు కాపలా. నల్లగొండదైనచో అది తూర్పు తెలంగాణమునకు త్రోవ.

ముట్టడి రెండేండ్లు సాగెను. శత్రువుకన్న ముందు రోగము వచ్చెను. సుల్తాను శిబిరములో మనుష్యులును గుఱ్ఱములును చచ్చిరి. అప్పుడు దేవరాయలు వచ్చి పడెను. ఫిరోజు షా ఓడి పారిపోయెను; అతని సేనాపతి ఫజులుల్లా ఇంజూ చంపబడెను. గెలిచినవారు ఓడినవారి తలలు నరికి రాశులు పోసిరని ఫెరిష్తా వ్రాసెను. ఫిరోజు షా ఆ దిగులుతో మంచము పట్టి 1422లో చనిపోయెను. అతని తమ్ముడు అహమ్మదు షా పగ తీర్చుకొనుటకు నది దాటి, ఊళ్లకు ఊళ్లే నరికించెను. 1366 నాటి ప్రమాణము ఎవరికిని గుర్తు లేదు. ఈ యుద్ధమునకు కారణము వ్రాయుమన్నచో ఏమని వ్రాయవలెను? నడిగడ్డ అని వ్రాసిన సగమే సరి. మొన్నటి యుద్ధమే నేటి యుద్ధమునకు కారణమగుట ఇక్కడ చూచుచున్నాము. పగకు పటముతో పని లేదు.

ఈ కథలను మనకు చెప్పినవారెవరో కూడ తెలిసికొనవలెను. ఫెరిష్తా బిజాపురములో రెండవ ఇబ్రహీం ఆదిలుషా కొలువులో నుండి పదునేడవ శతాబ్ది ఆరంభమున వ్రాసినవాడు. నూనిజ్ పోర్చుగీసువాడు, గుఱ్ఱముల వర్తకుడు. 1535 తరువాత విజయనగరమును గూర్చి వ్రాసెను. రాయచూరు యుద్ధము 1520 మే 19న జరిగినదని రాబర్టు స్యూయల్ లెక్కకట్టినది నూనిజ్ వ్రాతను పట్టియే. ఇస్మాయిల్ ఆదిలుషా మధువు మత్తులో తెప్పలపై కృష్ణను దాటుట వలన ఓడెనని ఫెరిష్తా అనును. రాయలు పారిపోయిన వర్తకుని నెపముగా చేసికొని తానే ముందు కదలెనని నూనిజ్ కథ వలన తెలియును. బిజాపురపు కొలువువాడు ఓటమిని మధువు మీద పెట్టుటలోను, గుఱ్ఱముల వర్తకుడు యుద్ధమును గుఱ్ఱముల సొమ్ములో చూచుటలోను ఆశ్చర్యము లేదు. రాయల వెంట ఏడు లక్షలకు పైగా కాల్బలము నడచినదని నూనిజ్ లెక్క. ఒక్కొక్కనికి దినమునకు సేరు బియ్యమనుకొని, ఎన్ని బండ్లు కావలెనో, నడిగడ్డ మే నెలలో అన్ని ఎద్దులకు నీరెక్కడిదో లెక్క వేయుమని విద్యార్థులకు చెప్పినచో గణితము, భూగోళము, చరిత్ర ఒక్క గంటలో నేర్చుకొందురు.

ఇంకొక జవాబు కూడ పరీక్షపత్రములలో తఱచుగా కనబడును: మతవైరము. దీనిని గట్టిగా పరిశీలింపవలెను. ఏలయన ఈ జవాబు చరిత్రతో ఆగదు, తరగతి గది దాటి వీథిలోనికి వచ్చును. రాయచూరు కోటను 1294లో కట్టించినది సుల్తానులు కారు. కాకతీయుల సామంతులైన గోన వంశీయుల పక్షమున విఠలనాథుడు కట్టించెనని కోటగోడలోని పొడవైన రాతిపలకపై తెలుగు శాసనము కలదు. ఆ గోనవారు ఏలిన వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. ఆ కోట ఎవరి భయముతో కట్టిరి? ఆనాడు పడమట నున్నది దేవగిరి యాదవులు. అంతకు ముందు ఈ నేలకై చాళుక్యులును చోళులును పోరిరి. మతము రెండు కాకముందే నడిగడ్డ పోరునేల. పిమ్మటనైనను, రెండవ దేవరాయలు తన సేనలో ముసల్మానులను చేర్చుకొనెను. రాచకొండ వెలమ దొరలు పలుమార్లు బహమనీల పక్షమున నిలిచిరి. కృష్ణదేవరాయలు యవనరాజ్య స్థాపనాచార్యుడు అను బిరుదును వహించెను. మతావేశము యుద్ధమునకు ఆజ్యము పోయలేదని కాదు, పోసినది. కాని ఆజ్యమును అగ్నిని ఒకటిగా చెప్పుట తప్పు.

కారణమునకును నెపమునకును భేదమును మొట్టమొదట నిర్మొగమాటముగా చెప్పినవాడు గ్రీకు దేశపు థ్యూసిడిడీస్. క్రీ.పూ. 431లో మొదలైన ఏథెన్సు స్పార్టా యుద్ధమున తానే సేనాపతిగా నుండి, ఓడి, దేశము వెడలి చరిత్ర వ్రాసెను. ఇరుప్రక్కలవారు చెప్పుకొన్న ఫిర్యాదులన్నిటిని వ్రాసి, అసలు కారణము మాత్రము ఏథెన్సు పెరుగుదలయు, దానిని చూచి స్పార్టాకు కలిగిన భయమును అని తేల్చెను. మన కౌటిల్యుడు పొరుగు రాజును శత్రువనియు, అతని ఆవలి పొరుగును మిత్రుడనియు మండల సిద్ధాంతమును చెప్పెను. దానికి కూడ పానగల్లే సాక్షి: 1790లో టిప్పు సుల్తానునకు విరోధముగా నిజాము కంపెనీవారితో చేసికొన్న ఒడంబడిక వనపర్తి పానగల్లు శిబిరములోనే జరిగెను.

విశ్వవిద్యాలయములలో ఇది ప్రత్యేక శాస్త్రమైనది మొదటి ప్రపంచయుద్ధము తరువాత. వేల్సు దేశములోని అబెరిస్త్విత్‌లో 1919లో అంతర్జాతీయ రాజకీయములకు తొలి ఆచార్య పీఠము నెలకొల్పబడెను. యుద్ధములో మరణించిన ఆ కళాశాల విద్యార్థుల స్మృత్యర్థము ఒక కుటుంబము ఇచ్చిన విరాళమే దానికి మూలధనము. పాఠము చదువవలసిన పిల్లలు పోయిన పిమ్మట పీఠము వచ్చినది. అదే యుద్ధములో గాయపడినవారిని మోయు బండిని నడిపిన ల్యూయిస్ రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు తరువాత కొట్లాటలన్నిటిని లెక్కించుటకు పూనుకొనెను. వాతావరణమును గణితముతో ముందుగా చెప్పవచ్చునని చూపినవాడతడే. యుద్ధమునకును అట్టి గణితము కలదేమోయని అతని ఆశ. అతడు 1953లో చనిపోయెను. గ్రంథము 1960లో వెలువడెను. ఎక్కువ సరిహద్దులు గల రాజ్యములు ఎక్కువ యుద్ధములలో చిక్కుకొన్నవని అతని లెక్కలలో తేలినది. 1963లో మిషిగన్ విశ్వవిద్యాలయమున డేవిడ్ సింగర్ ఆరంభించిన పరిశోధన వేయిమంది సైనికులు చచ్చినదానినే యుద్ధమని లెక్కించెను. తలలు లెక్కించుటకు ఒక హద్దు తప్పదు. కాని పానగల్లు చుట్టుప్రక్కల ఆకలితో చచ్చిన రైతులు అట్టి పట్టికలో చేరరు. రాజుల కథలు కాక జనుల జీవనమే చరిత్ర అని నమ్మి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వ్రాసిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే యగుట మరువరాదు.

వీరందరిలో మన గట్టు తగాదాకు మిక్కిలి దగ్గరగా వచ్చినది కెన్నెత్ వాల్ట్జ్. 1959లో వెలువరించిన గ్రంథమున అతడు యుద్ధ కారణములను మూడు తావులలో వెదకెను: మనుష్యుని స్వభావము, రాజ్యపు లోపలి నిర్మాణము, రాజ్యములపై ఏ అధికారమును లేకుండుట. మహమ్మదు షా కోపము మొదటిది. సేనకు జీతము, నాయకులకు జాగీరు దొరకవలెనన్న కొత్త నేల పట్టవలసిన రాజ్యపద్ధతి రెండవది. మూడవదే మూలమని వాల్ట్జ్ మొగ్గు. ఇద్దరు రైతులు కొట్టుకొన్నచో ఊరి పెద్దలున్నారు, ఆపై న్యాయస్థానమున్నది. ఇద్దరు రాజులు కొట్టుకొన్నచో ఎవరున్నారు?

ఈ మాట నిజమో కాదో తేల్చుటకు నడిగడ్డకన్న మంచి ప్రయోగశాల దొరకదు. నేల అదే, నదులు అవే, మనుష్యులు అట్టివారే. పైనున్న అధికారము మాత్రము మారినది. 1565లో విజయనగరము కూలిన పిమ్మట ఈ నేల నడిమి గట్టు కాకపోయెను, పెద్ద యుద్ధములును తగ్గెను. 1853లో నిజాము కంటింజెంటు సైన్యపు బాకీ క్రింద రాయచూరు అంతర్వేదిని ఆంగ్లేయులకు అప్పగించెను. 1860లో తిరిగి పుచ్చుకొనెను. రెండు శతాబ్దులు రక్తము పారించిన నేల రెండుసార్లు కాగితముపై చేతులు మారెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణలో రాయచూరు మైసూరు రాష్ట్రమునకు, గద్వాల, ఆలంపురము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నడిగడ్డను రెండుగా చీల్చిన ఆ గీతకై ఒక్క కత్తియు దూయబడలేదు.

నడుమ 1948 కలదు. అప్పుడు పైనున్న అధికారమేది అనునదే తగవు. హైదరాబాదు తన ఫిర్యాదును ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి కొనిపోగా, పారిసులో సెప్టెంబరు 16న అది చర్చకు వచ్చెను. ఇది అంతర్జాతీయ వ్యవహారము కాదని భారతదేశము వాదించెను. మరునాడే నిజాము లొంగిపోయెను. పిమ్మట ఫిర్యాదును ఉపసంహరించుకొనెను. ఐదు దినముల ఆ సైనిక చర్యకు పెట్టిన పేరు పోలీసు చర్య. దానిని యుద్ధమనవలెనా, కూడదా అనునది హైదరాబాదు రాజ్యమా, సంస్థానమా అను ప్రశ్నకు చెప్పు జవాబును బట్టి యుండును. అట్లు మన పాలమూరు ఊళ్లు కూడ కొన్ని దినములు భద్రతా మండలి బల్లపై నుండెను. అది జరిగిన కొలది యేండ్లకే వనపర్తి సంస్థానపు చివరి రాజు రామేశ్వరరావుగారు ఆఫ్రికాలో స్వతంత్ర భారత దౌత్యాధికారిగా పనిచేసిరి.

పోరు పోయినది గాని తగవు పోలేదు. రాజోలిబండ ఆనకట్ట నుండి తుంగభద్ర నీరు మొదట కర్ణాటక పొలములలో పారి పిమ్మట గద్వాల జిల్లాకు వచ్చును. బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రకారము ఆ పథకమున మనకు 15.9 టి.ఎం.సి.లు, తడుపవలసిన నేల 87,500 ఎకరములు. ఆ నీరు సంపూర్ణముగా కాలువ చివరి చేలకు చేరలేదనునది ఆలంపురము రైతుల దీర్ఘకాలపు ఫిర్యాదు. 1969లో కూర్చున్న ఆ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పెను. రెండవ ట్రిబ్యునల్ 2004లో కూర్చున్నది. తెలంగాణము, ఆంధ్రప్రదేశముల నడుమ పంపకమును కూడ చూడుమని 2023లో దానికి అప్పగించిరి. బహమనీ సుల్తాను ఇంతకాలము ఓర్చియుండెడివాడు కాడు. రైతు ఓర్చినాడు.

అధికారము పైన నున్నంత మాత్రమున ఆయుధములు కదలవని కాదు. 2023 నవంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణ శాసనసభ ఎన్నికల దినముననే, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్ట మీదికి వచ్చి సగము గేట్లను స్వాధీనము చేసికొని కుడికాలువకు నీరు వదలిరి. ఆవలి సగమున తెలంగాణ పోలీసులు. కృష్ణపై రెండు సాయుధ బలములు ఎదురెదురుగా నిలిచిన ఆ దృశ్యమును చూచినచో దేవరాయలకును ఫిరోజు షాకును అందులో తెలియనిదేమియు ఉండెడిది కాదు. తరువాత జరిగినది మాత్రము వారికి అర్థమయ్యెడిది కాదు. మరునాడు కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఇరు రాష్ట్రముల అధికారులతో దృశ్యమాధ్యమమున మాటాడెను; 28వ తేదీన ఉన్న స్థితికి మరలవలెనని ఒప్పించెను; ఆనకట్ట కేంద్ర రిజర్వు పోలీసుల కాపలాలోనికి పోయెను. ఒక్కడును చావలేదు.

దేశముల నడుమ అట్టి కార్యదర్శి లేడు. 1960లో కుదిరిన సింధుజలముల ఒప్పందము 1965, 1971, 1999 యుద్ధములలో కూడ నిలిచినది. పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిలులో భారతదేశము దానిని నిలుపుదలలో నుంచెను. రెండు ప్రక్కలను అణ్వస్త్రములున్న కాలములో నదిని గూర్చిన మాట ఎంత బరువైనదో మన పిల్లలు పాతికేండ్లకు పూర్వము పుట్టియున్నను, నిన్న పుట్టియున్నను ఒక్కటే.

గద్వాల కోటలో కళాశాల వెలసినది. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వెలసినది. యుద్ధమునకై కట్టిన గోడల నడుమ చదువు చెప్పు ఉపాధ్యాయులు ఒక చిన్న ఆట ఆడించి చూడవచ్చును. నేలపై సుద్దతో రెండు గీతలు గీయుడు. ఒకటి కృష్ణ, ఒకటి తుంగభద్ర. తరగతిని రెండుగా చేసి చెరియొక గట్టున నిలువబెట్టుడు. ఒక్కొక్క పక్షమునకు పది రాళ్లిచ్చి, మీ ఊరికి భయము లేకుండ పెట్టుకొనుడని చెప్పుడు. తమ గట్టుననే పెట్టుకొని ఊరకుండువారు కొందరుందురు. నడుమ పెట్టువారు తప్పక కొందరుందురు. ఒక్క రాయి గీత దాటగానే ఎదుటివారు ఏమి చేయుదురో, ఏమని నెపము చెప్పుదురో చూడుడు. అప్పుడు ఇరుప్రక్కలను చేరని ఒక పిల్లను లేపి, నీవు పెద్దమనిషివై తీర్పు చెప్పుమనుడు. రాళ్లు ఎవరివని ఆమె అడుగుటకు ముందే ఎవడో ఒకడు లేచి అడుగును: "నిన్ను పెద్దమనిషిగా పెట్టినదెవరు?" ఆ గంటలో మిగిలిన కాలమంతయు ఆ ప్రశ్నకే ఇవ్వవలెను.